నల్లనూనె పూసిన వాసాలు

కూరగాయల కత్తితో ఒక్క గీత గీసింది టివా. నల్లటి పొర లేచివచ్చింది. కింద కర్ర తెల్లగా, ఉడికిన పెండలంలా మెత్తగా ఉంది. కత్తి మొన అరంగుళం లోపలికి దిగిపోయింది.

"వావా!" అంది నిచ్చెన మీద నిలబడే. "అగ్గిపుల్లలకి తప్ప పనికిరాని వావా కర్ర! ఓరి నీ దుంపతెగ!"

వినడానికి హాల్లో ఎవరూ లేరు. గోడ వారగా చుట్టిపెట్టిన పద్దెనిమిది చిన్న చాపలున్నాయి, అంతే. సెలవులు అయిపోవచ్చాయి. సోమవారం ఆ చాపలు పరుచుకుని, మధ్యాహ్నం తిండి తిన్నాక పద్దెనిమిది మంది పసివాళ్ళు సరిగ్గా ఈ కర్రల కిందే పడుకుంటారు. వాళ్ళందరిలోకీ పెద్దవాడికి నాలుగేళ్ళు. తల్లులు కుమాసీ బజారులో అమ్ముకుని సాయంత్రానికి వచ్చేదాకా వాళ్ళకి టివాయే దిక్కు.

నిన్న సాయంత్రం గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు, క్వాదాసో పేటలో సెప్టెంబరు మొదట్లో ఏటా వచ్చేదే, వెనకాలే పావుగంట వాన. అంతమాత్రానికే నెల కూడా నిండని కొత్త కప్పు ముసలి మంచంలా కిర్రుకిర్రుమంది. సీలింగుకి కొట్టిన ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఊడి, పిల్లలు చేతులు కడుక్కునే బకెట్టు పక్కన పడింది. తెల్లారగానే టివా నిచ్చెన వేసి, ఆ సందులోంచి తల పైకి పెట్టి టార్చి వేసింది. వాసాలు మనిషి పడుకునేంత ఎడం ఎడంగా ఉన్నాయి. అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. "చెదలమందు మేడమ్, అందుకే నలుపు" అన్నాడు కదా కప్పు వేసిన ఆ మహానుభావుడు! మందూ లేదు, మశానమూ లేదు. లారీ ఇంజనులోంచి తీసిన మాడునూనె. తెల్ల కర్ర మొహానికి నలుపు పూసి, చెదలు పళ్ళు విరగ్గొట్టుకునే ఓడుమ్ కర్ర అని చెప్పి, పసిపిల్లల నెత్తిమీద పెట్టాడు.

టివాకి కర్ర గురించి ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. వాళ్ళ నాన్న అమోయాకో ముప్ఫై ఏళ్ళు సామిల్లులో పనిచేశాడు, రెండు వేళ్ళు అక్కడే వదిలేశాడు. ఆయన పని దుంగ మిల్లు దాటేముందు దాని కొసన ముద్ర కొట్టడం. ముద్ర అంటే ఒక వలయం, అందులో కోడికాలు. మిల్లు మూసేసిన రోజున ఆ ముద్ర సుత్తి ఆయన చేతిలోనే పెట్టి పంపించారు. ఆయన పోయాక అది టివా వంటింటి అలమారలోకి చేరింది. జూలైలో సోకోబన్ కలప బజారుకి వెళ్ళి, మూడేళ్ళుగా కూడబెట్టుకున్నదంతా పెట్టి నలభై ఓడుమ్ వాసాలు కొన్నప్పుడు, ఆ సుత్తి సంచిలో వేసుకెళ్ళి ఒక్కో వాసానికీ రెండు కొసలా ముద్ర కొట్టింది. అమ్మేవాడు పడీపడీ నవ్వాడు. "అక్కా, కర్రలు కొంటున్నావా, మేకలు కొంటున్నావా? ముద్రలేస్తున్నావేంటి?" అన్నాడు.

ఇప్పుడు ఆ సందులోంచి టార్చి వేసి కొసలన్నీ వెతికింది. ముద్ర లేదు. కనబడిన వాసాల్లో ఒక్కటంటే ఒక్కదానికి లేదు.

ఇంత తెలిసిన మనిషి ఎలా మోసపోయిందని మీరు అడగొచ్చు. అడగండి, తప్పులేదు. నిచ్చెన మీద నిలబడి టివా కూడా తనని తాను అదే అడిగింది, అడిగినకొద్దీ ఒళ్ళు మండింది.

జవాబు ఒక్కటే. ఫోసువా అమ్మ.

ఫోసువా అమ్మ చర్చి మహిళా సంఘానికి పెద్ద. ఆమె తలూపితే క్వాదాసోలో పెళ్ళిళ్ళు కుదురుతాయి, తల తిప్పేస్తే ఆగిపోతాయి. టివా భర్త పోయినప్పుడు నలభై రోజులు పక్కన కూర్చున్నది ఆమే. టివా ఈ పిల్లల బడి పెడితే మొదటి ఐదుగురినీ చేయి పట్టుకుని తెచ్చి దింపిందీ ఆమే. ఇప్పటికీ పద్దెనిమిది మందిలో పదమూడు మంది తల్లులు ఆ సంఘంవాళ్ళే. అలాంటి మనిషి జూలైలో ఒక బుధవారం, సంఘం కూడికలో, ఇరవై మంది ముందు మాట అందుకుంది.

"కప్పు మారుస్తావా? మరి పనివాడి కోసం నేనుండగా వీధులు పట్టుకు తిరగడమేంటే? మాస్టర్ అంకోమా ఉన్నాడు. చేతిలో పని, నోట్లో ప్రార్థన. నా ఇంటిపనంతా వాడే చేశాడు."

"చాలా సంతోషం అమ్మా. ఒక కాగితం రాసుకుంటే..."

"కాగితమా?"

గదిలో విసనకర్రలు ఆగిపోయాయి.

"వాణ్ణి నా చేత్తో తెచ్చి నీ చేతిలో పెడుతున్నాను. నీకూ నాకూ మధ్య కాగితమా టివా?"

"అయ్యో, ఛ ఛ, ఏదో మాటవరసకి అన్నానమ్మా" అంది టివా. సిగ్గుతో తల భూమిలోకి దిగిపోయినట్టయింది.

అంతే, అక్కడే పప్పులో కాలేసింది. పెద్దావిడ తన చేత్తో తెచ్చి ఇచ్చిన మనిషిని కాగితం అడగకూడదు. వాడు పనిచేస్తుంటే వెనకాల నిచ్చెన ఎక్కకూడదు. ఎక్కావంటే వాణ్ణి కాదు, ఆ పెద్దావిడని దొంగ అన్నట్టు. ఈ మాట ఎక్కడా రాసిలేదు, కానీ కుమాసీలో చంటిపిల్లకి కూడా తెలుసు. అంకోమాకి ఇంకా బాగా తెలుసు. ఇస్త్రీ చొక్కా, జేబులో టేపు, ప్రతి మాటకీ చివర "దేవుడి దయ". పని సగంలో ఉండగా టివా పిన్ని చనిపోయింది. అంత్యక్రియలకి మాంపోంగ్ వెళ్ళి ఐదు రోజులకి తిరిగొచ్చేసరికి పైన కప్పూ వేసేశాడు, కింద సీలింగూ మూసేశాడు.

"నేను చూడకుండానే మూసేశావేంటి మాస్టర్?"

"ఫోసువా అమ్మ తొందరపెట్టారు మేడమ్. పిల్లలొచ్చేస్తారని. దేవుడి దయ."

టివా చూపు నిచ్చెన వైపు పోయింది. సరిగ్గా అప్పుడే ఫోసువా అమ్మ గుమ్మంలోంచి వచ్చింది. తల పైకెత్తి తెల్లటి సీలింగు చూసి, చప్పట్లు కొట్టి, స్తుతిపాట అందుకుంది. పాట మధ్యలో నిచ్చెన వేస్తారా ఎవరైనా? టివా కూడా గొంతు కలిపింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తే తన నోరు తనే నొక్కుకోవాలనిపించింది.

కిందికి దిగి ఫోన్ చేసింది.

"మాస్టర్, నా ఓడుమ్ ఎక్కడ?"

"ఎక్కడుంటుంది మేడమ్, మీ నెత్తిమీదే ఉంది."

"నా నెత్తిమీదున్నది వావా. గీకి చూశాను."



"మేడమ్, ఓడుమ్‌లో తెల్లది కూడా ఉంటుంది. ఆడవాళ్ళకి తెలీదు."

"ఏమిటీ? తెల్ల ఓడుమా? రేపు నల్ల ఉప్పు కూడా తెచ్చి పంచదార అంటావా? మా నాన్న ముప్ఫై ఏళ్ళు దుంగల మధ్య బతికాడ్రా! నువ్వు ఆ నూనె పూసింది కర్రకి కాదు, నా మొహానికి!"

"మేడమ్, అరవకండి. మన మధ్య ఫోసువా అమ్మ ఉన్నారు. ఏదున్నా వారితో మాట్లాడుకోండి." ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కట్టేసి ఉంది.

మోసపోయిన మనిషి ఇంకా ఎవరితో చెప్పుకోవాలా అని ఆలోచిస్తూ ఉండగానే, మోసం చేసినవాడు పెద్దదిక్కుని వెతుక్కున్నాడు. అదే రోజు, శుక్రవారం, మధ్యాహ్నం దాటీ దాటకముందే వాకిట్లో అలికిడైంది. ముందు ఫోసువా అమ్మ. పక్కన చర్చి పెద్ద ఓపోకు, చేతికర్రతో. వెనకాల సిస్టర్ పొకువా, ఆమె కవలలిద్దరూ టివా బడిలోనే ఉంటారు. అందరికంటే వెనక, చెప్పులు వాకిట్లోనే విడిచి, తల వేలాడేసుకుని అంకోమా, భుజం మీద క్షమాపణ కానుకగా ఒక డబ్బా మాల్ట్ పానీయం సీసాలు.

ఎందుకు వచ్చారో టివాకి చూడగానే అర్థమైంది. అయినా మర్యాద మర్యాదే. కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది, వచ్చిన పని అడిగింది.

ఓపోకు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, మేం మంచికే వచ్చాం. ఈ మనిషి నీ దగ్గర తప్పు చేశాడు. పరుగెత్తుకెళ్ళి ఫోసువా అమ్మ కాళ్ళమీద పడ్డాడు. ఆమె వాడి చేయి పట్టుకుని నీ దగ్గరికి తీసుకొచ్చింది. నిన్ను బతిమాలుతోంది. విడిచిపెట్టెయ్."

"ఆ తప్పేంటో కూడా చెప్పండి పెద్దాయనా. నా నలభై వాసాలు ఎక్కడికి పోయాయి?"

పెద్దాయన అంకోమా వైపు తిరిగాడు. అంకోమా నేలమీది చీమల్ని చూస్తున్నాడు.

"కర్ర గురించి కొట్లాటేంటి తల్లీ" అంది ఫోసువా అమ్మ మెత్తగా. "కర్ర ఇవాళ పోతుంది, రేపు కొనుక్కుంటాం. మనుషులు ముఖ్యం."

"నేనూ అదే అంటున్నానమ్మా. సోమవారం ఈ కప్పు కింద పడుకునేది మనుషులే."

"మధ్యలో రెండు గుంజలు పెడతాను మేడమ్" అన్నాడు అంకోమా.

"వాటికీ నల్లనూనె పూసి తెస్తావా?"

"టివా, మరీ పట్టుదలకి పోకు" అంది పొకువా. "పొరపాటు ఎవరికి జరగదు? మొన్న మంగళవారం నుంచి మా ఇంట్లో కూడా ఈయనే పని మొదలుపెట్టాడు. తాళాలు కూడా ఇచ్చేశాను."

టివా ఆమెని నోరు తెరుచుకుని చూసింది. "నీ కవలలిద్దరూ సరిగ్గా ఆ ఊడిన పట్టీ కిందే పడుకుంటారే పొకువా! పైకెక్కి ఒక్కసారి చూడు, నిచ్చెన ఇంకా అక్కడే ఉంది."

పొకువా నిచ్చెనని చూసింది. ఫోసువా అమ్మని చూసింది. "అమ్మ చెప్పింది కదా" అంది గొణుగుతూ.

చూశారా? కళ్ళముందు నిచ్చెన ఉంది, కన్నబిడ్డలున్నారు, అయినా కాలు కదల్లేదు. తప్పు ఆమెదే అంటే టివాది కాదా మరి? తనూ నెలరోజుల కిందట ఇలాగే నిలబడింది కదా, ఇదే నిచ్చెన ముందు, ఇదే సిగ్గుతో.

టివాకి దారి మూసుకుపోయింది. వచ్చి బతిమాలిన పెద్దావిడని కాదంటే, బుధవారం సంఘం కూడికయ్యేసరికి పదమూడు చాపలు ఖాళీ. అవుననేస్తే, పెద్దలముందు ఒకసారి విడిచిపెట్టిన మాటని మళ్ళీ ఎత్తకూడదు, ఎక్కడా ఫిర్యాదు చేయకూడదు. ఆ దొంగ తల వేలాడేసుకుని నిలబడింది సిగ్గుతో కాదు, ఆ లెక్క తెలిసే. పెదవి చివర చిన్న నవ్వు కూడా ఉంది.

"ముసలమ్మని అడిగొస్తాను" అంది టివా.

ఓపోకు తలూపాడు. జవాబు చెప్పేముందు పక్కకి వెళ్ళి ముసలమ్మని అడిగి రావడం పద్ధతే. ముసలమ్మంటూ ఎవరూ ఉండరు, ఎవరి బుద్ధి వాళ్ళకి ముసలమ్మ. టివా పెరట్లోకి వెళ్ళి, ఉడికిన పెండలాన్ని ఫుఫు ముద్దగా దంచే రోలు బోర్లించి ఉంటే, దాని మీద కూర్చుంది. చంపేయాలన్నంత కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎంతసేపు కూర్చున్నా ముసలమ్మ పిరికి మాటే చెప్పింది: విడిచిపెట్టు, హాలుకి తాళం వెయ్యి, మళ్ళీ కర్ర కొనేదాకా పిల్లల్ని పంపించెయ్. బడి పోతుంది, కానీ పిల్లలు బతికుంటారు.

ఆ మాట చెప్పడానికి కూడా ఆరోజు నోరు రాలేదు. తిరిగొచ్చి, "ముసలమ్మ ఇవాళ కోపంగా ఉంది. ఆదివారం మాట్లాడతానంది. మీ ఇంటికే వచ్చి చెబుతానమ్మా" అంది.

ఫోసువా అమ్మ మొహం విప్పారింది. "మరీ మంచిది! ఆదివారం చర్చి అయ్యాక నా కొత్త మండపంలో కృతజ్ఞతా కూడిక. అందరూ వస్తారు. అందరిముందూ ఆ మంచిమాట చెప్పు తల్లీ." మాల్ట్ డబ్బా అక్కడే వదిలి వెళ్ళారు. టివా దాన్ని కాలితో గోడ వారకి తోసింది.

ఆదివారం ఫోసువా అమ్మ పెరడంతా తెల్లబట్టలే. ముప్ఫై మంది ఆడవాళ్ళు, తలలకి తెల్ల గుడ్డలు, చేతుల్లో విసనకర్రలు. ఆ మండపం గురించి సంఘంలో రెండు వారాలుగా చెప్పుకుంటున్నారు గానీ టివా చూడటం ఇదే మొదలు. నాలుగు పక్కలా తెరిచి ఉంది, నున్నటి పలకల నేల, ఎత్తైన స్తంభాలు, పైన ఎర్ర రేకులు. లోపలి కర్రపని అందరూ చూడాలని సీలింగు వేయించలేదు. అంకోమా ఓపోకు పక్కన కూర్చున్నాడు, కొత్త చొక్కాలో, క్షమాపణ అందుకోవడానికి తయారై.

వేరుశనగ పులుసులో ఫుఫు పెట్టారు. టివా ఒక ముద్ద మింగింది. చెప్పాల్సిన పిరికి మాట మనసులో కూడబలుక్కుంటూ తల పైకెత్తింది.

వాసాలు. తేనెరంగులో, ఒత్తుగా, పక్కపక్కనే. ఓడుమ్.

చూపు వాసాల వెంబడే జారి చూరు దాకా వెళ్ళింది. అక్కడ వాసాల కొసలు బయటికి పొడుచుకొచ్చి ఎండలో మెరుస్తున్నాయి. మొదటి కొస మీద ఒక వలయం. వలయంలో కోడికాలు. రెండో కొస మీద వలయం, కోడికాలు. మూడో కొస మీద కూడా.

టివా చేయి గిన్నెలోనే ఆగిపోయింది. పెదవులు కదుపుతూ చూరు వెంట చూస్తూ పోయింది.

"ఏంటే తల్లీ" అని నవ్వింది ఫోసువా అమ్మ, అందరికీ వినబడేలా. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా?"

ముప్ఫై మందీ ఘొల్లుమన్నారు.

"అవునమ్మా" అంది టివా. "ఇరవై ఆరు."

నవ్వు ఇంకా పెరిగింది.

"ఇరవై ఆరు ఇక్కడున్నాయి. ఇంకా పద్నాలుగు కనబడాలి."

ఈసారి సగంమందే నవ్వారు. అంకోమా గిన్నె కింద పెట్టాడు. "అది మిల్లు ముద్ర మేడమ్" అన్నాడు గబగబా, ఎవరూ ముద్ర గురించి అడక్కముందే. "మంచి కర్ర అన్నిటికీ ఉంటుంది. దేవుడి దయ."

"నేను ముద్ర అన్నానా? వాసాలన్నాను. సరే, ఏ మిల్లు?"

"ఏదో... సోకోబన్ దగ్గరి మిల్లు."

"ఆ ముద్ర కొట్టిన మిల్లు మూతపడి పదకొండేళ్ళయింది. ఎవరూ లేవకండి. చిటికెలో వస్తాను."

ఇల్లు రెండు సందుల అవతలే. చెప్పులు చేత్తో పట్టుకుని, తెల్లబట్టల్లో పరుగెత్తుతున్న టివాని చూసి రోడ్డుపక్క అరటికాయలు కాల్చే ఆమె "ఎవరు పోయారు?" అని అరిచింది. టివా వంటింటి అలమారలోంచి సుత్తి తీసుకుని అలాగే వెనక్కి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, ఒక్క అంకోమా తప్ప. "చేతులు కడుక్కుని వస్తానన్నాడు" అన్నాడు ఓపోకు అయోమయంగా. చెప్పులు మాత్రం వాకిట్లోనే ఉన్నాయి.

టివా తన గిన్నె చేతిలోకి తీసుకుంది. పులుసులో తేలుతున్న ఫుఫు ముద్ద మీద సుత్తి మొహం అదిమి తీసింది. వలయం, అందులో కోడికాలు. గిన్నెని చూరు కింద పట్టుకుంది.

"చూడండి. లేచి రండి, దగ్గరికి వచ్చి చూడండి. ఇది మా నాన్న సుత్తి. నా డబ్బుతో కొన్న ఓడుమ్‌కి నా చేత్తో కొట్టిన ముద్ర. నా పిల్లల నెత్తిమీద ఉండాల్సిన కప్పు కింద కూర్చుని మనం విందు తింటున్నాం. నా హాల్లో ఉన్నదేంటో తెలుసా? మేకులు కూడా పట్టని వావా, దానికి లారీ నూనె. పొకువా, నీ కవలలు పడుకునేది దాని కిందే. అడ్వీయా, నీ కూతురూ అక్కడే."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. గిన్నెలోకి చూశారు, చూరు వైపు చూశారు. ఉన్నట్టుండి పొకువా నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "నా తాళాలు! ఓరి దేవుడా, మంగళవారం నుంచి నా తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి!" తెల్లబట్టలు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని గేటు వైపు పరుగు తీసింది. ఇంకో ఇద్దరు ఆమె వెనకాల పరుగెత్తారు. వాళ్ళిళ్ళకి కూడా ఫోసువా అమ్మ అతన్నే చెప్పిందట.

ఫోసువా అమ్మ కుర్చీలోంచి లేవలేదు. "నాకు తెలీదు టివా. మిగిలిపోయిన కర్రలన్నాడు. ఇన్ని పనులు ఇప్పించినందుకు కృతజ్ఞతగా వేసిస్తానన్నాడు."

"ఇరవై ఆరు వాసాలు మిగులుతాయా అమ్మా ఒక ఇంట్లో? ఎక్కడ మిగిలాయని ఒక్క మాట అడిగావా?"

"ప్రేమతో ఇచ్చేవాణ్ణి అడుగుతామా ఎవరైనా?"

"అడగం! నువ్వు పెద్దదానివని నేను అడగలేదు. వాడు ఇస్తున్నాడని నువ్వు అడగలేదు. మనిద్దరి మర్యాదా సరిపోయింది, మధ్యలో వాడు బాగుపడ్డాడు. కప్పు కూలితే పోయేది నువ్వూ కాదు, నేనూ కాదు, వాడూ కాదు. మూడేళ్ళ పిల్లలు పోతారు!"

టివా గొంతు పగిలిపోయింది. ఇంత గట్టిగా ఆ పెరట్లో ఎవరూ ఎప్పుడూ ఫోసువా అమ్మతో మాట్లాడలేదు. టివా కూడా మాట్లాడుతుందనుకోలేదు. నోరు ఇప్పుడు తెరుచుకుంది, ఇక మూతపడదు.

"ఓపోకు పెద్దాయనా, నేను జవాబు చెప్పడానికి వచ్చాను. వినండి. ముసలమ్మ మాట మార్చుకుంది."

పెద్దాయన చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, "చెప్పమ్మా" అన్నాడు.

"మీరందరూ వచ్చి బతిమాలారు. మిమ్మల్ని కాదనను. అంకోమాని విడిచిపెట్టాను. చెప్పులు కూడా విడిచి పారిపోయాడు, వాడితో నాకేం పని? కానీ చేయి పట్టుకుని తెచ్చినవాళ్ళు, వాడు లేకపోతే వాడి చోట నిలబడాలి. ఇది పద్ధతి అవునా, కాదా?"

ఓపోకు ఫోసువా అమ్మ వైపు చూడలేదు. చూరు వైపే చూశాడు. "అవును" అన్నాడు. "మా తాతల కాలం నుంచీ అదే పద్ధతి."

"అయితే రేపటి నుంచి నా పిల్లలు నా ఓడుమ్ కిందే పడుకుంటారు. అది ఎక్కడుంటే అక్కడ."

సోమవారం ఉదయం క్వాదాసో వీధుల్లో పద్దెనిమిది మంది పిల్లలు ఒక తాడు పట్టుకుని వరసగా నడిచారు. ముందు టివా, నెత్తిమీద చాపల కట్ట. బజారుకి వెళ్తున్న ఆడవాళ్ళు బుట్టలతో ఆగి "ఎక్కడికి టివా?" అని అడిగితే, అడిగినవాళ్ళందరికీ ఆగి మొదటినుంచీ చెప్పింది. దాచుకోవడానికి ఇక సిగ్గేముంది? దాచితే ఆ సిగ్గు ఇంకొకరి కప్పు మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఆ వారం అంకోమా పేరు కేజెతియా బజారుదాకా పాకింది. అతనికిచ్చిన తాళాలన్నీ వెనక్కి వచ్చాయి. కొన్ని అతనే పంపాడు, కొన్ని పొకువా వెళ్ళి గుంజుకొచ్చింది.

ఫోసువా అమ్మ గేటు తీసి పక్కకి జరిగింది. మండపంలో చాపలు పరుచుకున్నాయి. మొదటిరోజే పొకువా కవలల్లో ఒకడు ఆ నున్నటి నేల తడిపేశాడు. రెండోరోజు గంజి ఒలికింది. మూడోరోజు మధ్యాహ్నం వాన పడింది, గాలి కూడా. మండపం కిక్కురుమనలేదు. పిల్లలు కదలకుండా నిద్రపోయారు. ఫోసువా అమ్మ వచ్చి ఒక స్తంభాన్ని ఆనుకుని నిలబడి, వాళ్ళనీ పైన వాసాలనీ మార్చి మార్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ళు టివా?"

"నా వాసాలు నా ఇల్లు చేరేదాకా అమ్మా."

"విప్పించేస్తాను. మిగతా పద్నాలుగూ నేనే కొనిస్తాను." కళ్ళు తుడుచుకుంది. "విప్పడానికి మంచి పనివాడు కావాలి కదా. నాకు తెలిసినవాడు ఒకడున్నాడు తల్లీ, చాలా భక్తిపరుడు, నా మాట మీద..."

మాట మధ్యలో తనే ఆగిపోయింది.

"ఈసారి పనివాణ్ణి నేను చూసుకుంటానమ్మా. కాగితం రాయిస్తాను, ఇద్దరు సాక్షులతో. పైకి నేనే ఎక్కి చూస్తాను. నువ్వు నిచ్చెన పట్టుకో."

రెండు వారాల తరవాత శనివారం, టివా హాల్లో, క్వాదాసో మహిళా సంఘం పెద్ద పొద్దున్నించీ నిచ్చెన పట్టుకునే నిలబడింది. వాకిట్లో సంఘంవాళ్ళు గుమిగూడి చూస్తున్నారు. కుర్చీ తెచ్చి వేసినా ఆమె కూర్చోలేదు. పైన టివా ఒక్కో వాసాన్నీ కత్తితో గీకి, వేలితో కొస తడిమి, గట్టిగా లెక్కపెడుతోంది. కింద ఫోసువా అమ్మ ఆ లెక్కే మళ్ళీ చెబుతోంది.

"ఇరవై ఆరు" అంది పైనుంచి టివా. "ఇక దిగుతానమ్మా. మిగతావి నువ్వు కొన్నవే కదా."

ఫోసువా అమ్మ నిచ్చెన వదల్లేదు.

"దిగకు" అంది. "అవి కూడా గీకి చూడు."